కనుబొమ్మలు లేని కథానాయకుడు

2012 జూలైలో, 'ఈగ' విడుదలైన మొదటి వారంలోనే, నరసరావుపేటలో రెండో ఆట చూశాను. హాలు కిటకిటలాడుతోంది. నా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో టార్చిలైటు. దగ్గర్లోని ఏదో పల్లె నుంచి వచ్చినట్టున్నాడు. మొదట్లో ఆయన అంతగా పట్టించుకోలేదు. కథానాయకుడు నాని చనిపోయి ఈగగా పుట్టాక కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక సన్నివేశం వచ్చింది. నాని ప్రేమించిన బిందు తన పనిబల్ల ముందు కూర్చుని ఏడుస్తుంటుంది. ఆ కన్నీటి తడితోనే ఈగ అక్షరాలు రాసి తానెవరో చెప్పుకుంటుంది. అంతదాకా ఈలలతో మోగిన హాలు సద్దుమణిగిపోయింది. పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని "అయ్యో నా తండ్రీ!" అన్నాడు.

తెల్లారి లేస్తే గొడ్లచావిట్లో ఈగలు తోలుకునే మనిషి, ఒక ఈగను పట్టుకుని నా తండ్రీ అన్నాడు. పైగా అది నిజం ఈగ కూడా కాదు. షూటింగు రోజున ఆ బల్ల మీద ఏ ఈగా వాలలేదు. బిందుగా నటించిన సమంత ఖాళీ చోటును చూసి ఏడ్చింది. ఆ ఖాళీలోకి ఒక ప్రాణిని తెచ్చి కూర్చోబెట్టింది తర్వాత, ఎక్కడో చీకటిగదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న పనివాళ్లు.

లేని ప్రాణికి మనిషి కళ్లు తడవడం ఎట్లా సాధ్యమైంది? ఆ రాత్రి బస్సులో ఇంటికి పోతూ ఆలోచిస్తే, నాకు సినిమాలేవీ గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు చూసిన తోలుబొమ్మలాట గుర్తుకొచ్చింది.

మా ఊరికి పంటలు ఇంటికి చేరాక తోలుబొమ్మలవాళ్లు వచ్చేవాళ్లు. రచ్చబండ దగ్గర గుంజలు పాతి తెల్లపంచె కట్టి, వెనక దీపం పెట్టేవాళ్లు. బొమ్మలన్నీ ఒక పెద్ద వెదురుపెట్టెలో ఉండేవి. మేకతోలును అవతలి వెలుగు కనపడేంత పలచగా గీకి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నటి చిల్లులు పొడిచేవాళ్లు. భుజం ఒక ముక్క, మోచేయి ఒక ముక్క, వాటిని కలిపేది దారం ముడి. బొమ్మలకు చాలావాటికి పక్కవాటు ముఖమే, ఒకటే కన్ను. ఆ కన్ను రెప్పార్చదు. పెదవి కదలదు. అయినా అశోకవనంలో సీత తల రవ్వంత వంచితే ముందువరసలో మా అమ్మమ్మ కొంగు తీసుకునేది. జుట్టుపోలిగాడు నడుము తిప్పితే పిల్లలం పొర్లి పొర్లి నవ్వేవాళ్లం.

ఒకసారి ఉండబట్టలేక తెర వెనక్కి పోయి చూశాను. సీతను ఆడించే మనిషి సీతతోపాటు తానూ వంగుతున్నాడు. ఊపిరి బిగబట్టి, పుల్లను వేళ్ల చివర్లతో పట్టుకుని, ఒక్క పిసరు కిందికి దించుతున్నాడు. యుద్ధం వచ్చేసరికి కాళ్ల కింద వేసుకున్న చెక్కపలకలను దడదడా తొక్కుతున్నాడు. బొమ్మ ముఖంలో లేని దుఃఖం ఆ మనిషి భుజాల్లో ఉంది. అది పుల్లల మీదుగా తెర మీదికి పోతోంది. ఆట అయ్యాక తెర దించి, చెమటలు తుడుచుకుంటూ ఆయన బయటికొస్తే ఊరంతా ఆయన ముఖం చూసేది. చాటల్లో వడ్లు, జొన్నలు తెచ్చి పోసేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కంప్యూటర్‌లో పుట్టిన పాత్రల చరిత్ర చదివిన కొద్దీ నాకు కనిపించింది ఆ పుల్లలే. యంత్రం ఎంత పెద్దదైతే పాత్ర అంత బతుకుతుందని చాలామంది అనుకుంటారు. జరిగింది వేరు.

హాలీవుడ్‌లో 1985లో 'యంగ్ షెర్లాక్ హోమ్స్' అనే సినిమా వచ్చింది. అందులో చర్చి కిటికీకున్న రంగుటద్దాల బొమ్మలోంచి ఒక యోధుడు కత్తితో సహా కిందికి దూకి, పూజారి మీదికి నడిచి వస్తాడు. నటులతో తీసిన సినిమాలో పూర్తిగా కంప్యూటర్‌తో చేసిన మొదటి పాత్రగా ఆ గాజు యోధుడిని లెక్కిస్తారు. ఆ పనిలో ఉన్న యానిమేటర్ జాన్ లాసెటర్. మరుసటి ఏడాది, 1986లో, అదే లాసెటర్ పిక్సార్ తరఫున రెండు నిమిషాల చిన్న చిత్రం ఒకటి చేశాడు. దాని పేరు 'లక్సో జూనియర్'. అందులో ఉన్నది రెండు టేబుల్ ల్యాంపులు, ఒక బంతి. పెద్ద ల్యాంపు చూస్తుంటుంది, చిన్న ల్యాంపు బంతితో ఆడుతుంది. బంతి మీదికెక్కి ఎగిరితే అది కాస్తా గాలిపోయి చప్పబడుతుంది. చిన్న ల్యాంపు తల వేలాడేస్తుంది. అంతే కథ. కళ్లు లేవు, నోరు లేదు, మాట లేదు. అయినా అది పిల్లవాడని, తప్పు చేసి తలదించుకున్నాడని చూసిన ప్రతివాడికీ తెలిసిపోయింది. గాజు యోధుడిని సాంకేతిక చరిత్ర రాసేవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ల్యాంపును జనం గుర్తుపెట్టుకున్నారు.

కదలిక అనేది కంటికి కలిగే భ్రమ అని మా పల్నాడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరెంటు ప్రభలు కట్టుకుని వస్తారు. తాటిచెట్టును మించిన ఎత్తు, దాని నిండా రంగుల బల్బులు. వాటిలో చక్రం తిరుగుతుంది, బొమ్మ నాట్యమాడుతుంది. నిజానికి ఏ బల్బూ ఉన్నచోటు నుంచి కదలదు. ఒక వరస ఆరుతుంది, పక్క వరస వెలుగుతుంది, మధ్య ఖాళీని మన కన్ను కలిపేసుకుంటుంది. సినిమా కూడా అంతే: సెకనుకు 24 నిశ్చల చిత్రాలు. కంప్యూటర్ పాత్ర కూడా అంతే. కాకపోతే బల్బుల బదులు లక్షల చుక్కలు, ఏ చుక్క ఎప్పుడు ఏ రంగులో వెలగాలో చెప్పే లెక్క.

ఆ లెక్కను బొమ్మలవాళ్లు చేతిలోకి తీసుకున్నది 'జురాసిక్ పార్క్' రోజుల్లో. 1993 నాటి ఆ సినిమాలో కంప్యూటర్ డైనోసార్లు కనిపించేది మొత్తం మీద సుమారు 6 నిమిషాలు. డైనోసార్లను చిన్న బొమ్మలుగా చేసి, ఫ్రేము ఫ్రేముకూ కొంచెం కొంచెం కదిలిస్తూ తీద్దామని మొదటి ఆలోచన. ఆ విద్యలో ఆరితేరినవాడు ఫిల్ టిప్పెట్. కంప్యూటర్ పరీక్ష చిత్రాలు చూశాక బొమ్మల పద్ధతిని పక్కన పెట్టారు. అయితే టిప్పెట్‌ను, ఆయన మనుషులను వదులుకోలేదు. కీళ్లున్న లోహపు అస్థిపంజరం ఒకటి తయారుచేసి, కీలు కీలుకూ సెన్సర్లు బిగించారు. బొమ్మలవాళ్లు ఎప్పటిలాగే దాన్ని చేత్తో కదిలించేవాళ్లు. ఆ కదలిక కంప్యూటర్‌లోని డైనోసారుకు అందేది. ఏ జంతువు బరువు ఏ కాలి మీద పడుతుందో చేతికే తెలుసు. మా ఊరి తెర వెనక మనిషికి ఉన్న విద్యే అది.

2002లో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగంలో వచ్చిన గొల్లమ్ దాకా వచ్చేసరికి ఆ చేయి ఏకంగా మొత్తం శరీరమైంది. ఆండీ సెర్కిస్ అనే నటుడు పాకుతూ, గొణుగుతూ నటిస్తే, ఆ నటన ఆధారంగానే గొల్లమ్ లేచి నిలబడ్డాడు.

ఇక తెలుగు సినిమా సంగతి. మనకు మాయలు కొత్త కాదు. కంప్యూటర్ లేని 1957లోనే 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లే కెమెరా ముందు లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్న మాట పల్లెలకు చేరింది మాత్రం 1995లో, 'అమ్మోరు'తో. నిర్మాత ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి, దర్శకుడు పాలకొల్లువాడైన కోడి రామకృష్ణ. మావైపు ఆడవాళ్లు ఆ సినిమాకు కొబ్బరికాయలు, కర్పూరం తీసుకెళ్లారు. తెర మీద అమ్మవారు కనబడితే హాల్లో హారతులు వెలిగాయి. అక్కడ జనం మొక్కింది రమ్యకృష్ణ రూపంలోని దేవతకు. కంప్యూటర్ ఆ దేవత మహిమలను చూపించే చాకిరీ చేసింది. 2007లో 'యమదొంగ'లో, అప్పటికి పదకొండేళ్ల కిందటే కన్నుమూసిన ఎన్టీఆర్‌ను మనవడి పక్కన తెర మీదికి రప్పించారు. జనం లేచి నిలబడ్డారు. అదీ జ్ఞాపకానికి మొక్కడమే. తనదంటూ ముందు ముఖం లేని, మునుపు ఎవరూ చూడని ఒక ప్రాణిని కంప్యూటర్‌లో పుట్టించి, సినిమా భారమంతా దాని వీపు మీద పెట్టే సాహసం తెలుగులో అప్పటికింకా ఎవరూ చేయలేదు.

ఆ సాహసానికి విత్తనం తండ్రీకొడుకుల మధ్య నవ్వులాట. 1990ల నడుమ రచయిత విజయేంద్రప్రసాద్ తన కొడుకు, 'ఈగ' దర్శకుడు రాజమౌళితో సరదాగా, ఒక ఈగ మనిషి మీద పగ తీర్చుకుంటే ఎట్లా ఉంటుందని అన్నారట. ఆ తర్వాత ఆయన ఆ ఊహనే 1830ల అమెరికాకు తీసుకెళ్లి, బానిసత్వం నుంచి తనవాళ్లను విడిపించబోయి చనిపోయిన నల్లజాతి కుర్రవాడు ఈగగా పుట్టే కథగా అల్లారు. అది అట్లాగే ఉండిపోయింది. 2010లో 'మర్యాద రామన్న' అయ్యాక రాజమౌళి మళ్లీ దాన్ని పైకి తీశారు. అమెరికా పోయి, పక్కింటి అమ్మాయిని ప్రేమించే కుర్రవాడు వచ్చాడు. నిర్మాత సాయి కొర్రపాటి. ఆ ఏడాది డిసెంబరు 7న రామానాయుడు స్టూడియోలో ముహూర్తం జరిగింది.

ఈగను చేసే బాధ్యత హైదరాబాదులోని మకుట వీఎఫ్ఎక్స్ సంస్థది. ఆ పనిని నడిపించినవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి: ఆర్.సి. కమలకణ్ణన్, పీట్ డ్రేపర్. కమలకణ్ణన్ అప్పటికే 'మగధీర'కు జాతీయ పురస్కారం అందుకున్నారు. డ్రేపర్ ఇంగ్లండు మనిషి, హైదరాబాదులో స్థిరపడ్డారు. నిప్పు, నీరు, నేల, గాలి కంప్యూటర్‌లో ఎట్లా పుట్టించాలో ఆయన అంతకుముందే ఒక పుస్తకం రాశారు. ప్రకృతిని ఓపిగ్గా చూడటం అలవాటైన మనిషన్నమాట.

అయినా ఈగను చూడటం దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మన చుట్టూ ఎప్పుడూ ఉండే ప్రాణి, కానీ దాని ముఖం మనలో ఎవరం చూశాం? ఒళ్లంతా కలిపి 6, 7 మిల్లీమీటర్లు. అంత చిన్నదాన్ని పెద్దది చేసి చూపే లెన్సు పెడితే, అది ఒక్క వెంట్రుకవాసి కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. చచ్చిన ఈగను పెడదామంటే అది వెంటనే ముడుచుకుపోతుంది, ప్రాణమున్న ఒంటి నిగనిగ ఉండదు. చివరికి ఒక ఉపాయం పనికొచ్చింది. బతికున్న ఈగలను సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టారు. చలికి అవి స్పృహ తప్పి కాసేపు కదలకుండా పడుంటాయి. తేరుకుని ఎగిరిపోయే లోపల ఫొటోలు తీసుకోవాలి. అట్లా మళ్లీ మళ్లీ చేసి ఈగ ఒంటిని అంగుళం అంగుళం కాదు, రోమం రోమం ఎక్కించుకున్నారు.

అట్లా దగ్గర నుంచి చూస్తే ఈగ అందగత్తె కాదు. ఒళ్లంతా ముళ్లలాంటి వెంట్రుకలు. ముఖంలో ఎక్కువ భాగం రెండు కళ్లే, ఒక్కో కంటిలో వేల చిన్న కటకాలు. ఆ కంటికి రెప్ప లేదు, నల్లగుడ్డు లేదు, ఎటు చూస్తోందో తెలియదు. కనుబొమ్మలు లేవు. నవ్వడానికి పెదవులు లేవు. ఉన్నది నేలను నాకే తొండం. సినిమా హీరోకు కావలసిన సరంజామాలో ఒక్కటీ లేదు.

మొదటిసారి తయారైన ఈగ రాజమౌళికి నచ్చలేదు. అంత డబ్బు, అంత కాలం పోసి చేసిన బొమ్మ బతకలేదు. ఇక్కడే ఆ బృందం ముందు రెండు దారులున్నాయి. ఈగకు మనిషి ముఖం తగిలించి, కళ్లు గుండ్రంగా తిప్పించి, నాని గొంతుతో మాట్లాడించడం ఒక దారి. పిల్లల కార్టూన్లలో చీమలు, తేనెటీగలు అట్లాగే మాట్లాడతాయి. సులువు కూడా. వాళ్లు ఆ దారిన పోలేదు. ఈగను ఈగగానే ఉంచి, దాని ఒంటి చేత మాట్లాడించాలనుకున్నారు. ఒంటిభాషకు ఒరవడిగా వాళ్లు తీసుకున్నది పాతికేళ్ల కిందటి ఆ 'లక్సో జూనియర్' ల్యాంపును. కళ్లూ నోరూ లేని ల్యాంపు ఏడిపించగలిగితే ఈగెందుకు ఏడిపించలేదు?

ఈ ఒక్క నిర్ణయమే ఆ సినిమాను నిలబెట్టిందని నా నమ్మకం. ఈగ ఆలోచిస్తున్నప్పుడు తల కొంచెం పక్కకు వాలుస్తుంది. కోపం వస్తే ముందు కాళ్లు నేలకు ఆనించి ఒంటిని కిందికి లాగుతుంది, పందేనికి వదిలే ముందు పుంజు వంగినట్టు. గెలిస్తే ఎగురుతుంది. ఈగలు ముందరి రెండు కాళ్లను రుద్దుకోవడం మనం రోజూ చూస్తాం. వాటితోనే అవి రుచి చూస్తాయి కాబట్టి శుభ్రం చేసుకుంటాయి. ఆ సహజమైన అలవాటే తెర మీద, నీ సంగతి చూస్తాను అన్నట్టు అవుతుంది. దానికి భావం అంటగట్టింది మనమే. ఆడించేవాడు ఒక పిసరు కదిలించి ఆగిపోతే, మిగతాది చూసేవాడు పూర్తిచేసుకుంటాడు. సీత తల వంచినప్పుడు మా అమ్మమ్మ చేసింది అదే.

పనివాళ్లు దీన్ని ఎట్లా చేస్తారో కొంచెం చెప్పాలి. ముందు కంప్యూటర్‌లో మట్టిబొమ్మ లాంటిదాన్ని మలుస్తారు. దాని మీద చర్మం, రంగు, మెరుపు, వెంట్రుకలు పరుస్తారు. లోపల కనపడని ఎముకలు, కీళ్లు పెడతారు. దాన్ని రిగ్ అంటారు. తోలుబొమ్మకు దారం ముళ్లు, పుల్లలు ఎట్లాగో దానికి ఇది అట్లా. ఈగకు ఆరు కాళ్లు, ఒక్కో కాలికి ఎన్నో కీళ్లు, రెండు రెక్కలు, తల, తొండం. యానిమేటర్ ఈ కీళ్లను ముఖ్యమైన భంగిమల్లో నిలబెట్టి, ఒక భంగిమ నుంచి ఇంకో దానికి ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ తటపటాయించాలో దిద్దుతాడు. ప్రాణమంతా ఆ తటపటాయింపులో ఉంటుంది.

రెక్కల సంగతి మరీ ముచ్చటైనది. ఇంటి ఈగ సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలు ఆడిస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములే. అంటే ఒక్క ఫ్రేము గడిచే లోపల రెక్క ఎనిమిదిసార్లు పైకీ కిందికీ పోయొస్తుంది. రెక్కను రెక్కలా స్పష్టంగా చూపితే అది అబద్ధం. పొగలా చెరిపేసినట్టు చూపితేనే నిజం. దాని చుట్టూ ఉన్న ప్రపంచమూ అట్లాగే. అంత చిన్నదానికి నీటిబొట్టు ఒక చెరువు, అగ్గిపుల్ల ఒక దూలం. కెమెరా ఆ కొలతకు దిగితే ముందున్న వస్తువు ఒక్కటే స్పష్టంగా ఉండి, వెనకంతా కరిగిపోవాలి. ఈగ కంటి మీద ఆ గది కిటికీ వెలుగు పడాలి. గదిలో దీపం ఎడమన ఉంటే ఈగ నీడ కుడిన పడాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఏదో తేడా ఉందని చూసేవాడి మనసు చెబుతుంది. ఆ తేడా ఏమిటో మాత్రం చెప్పలేడు.

ఇంత చెప్పి, ఈగ పగబట్టిన విలన్‌గా చేసిన సుదీప్‌ను మరిచిపోతే పాపం. కంప్యూటర్ పాత్రకు సగం ప్రాణం ఎదుటి నటుడు పోస్తాడు. ఆవిరిగదిలో చెమటలు కక్కుతూ, మంచం మీద నిద్రకు మొహం వాచి, కారులో అదుపు తప్పి, ఆయన నెలల తరబడి పోట్లాడింది గాలితో. ఈగ చెవి దగ్గరికి వచ్చినప్పుడు మెడ నరం ఉలికిపడాలి, అక్కడి నుంచి ముక్కు మీదికి పోతే కన్ను దాని వెంటే పోవాలి. కన్ను ఒక్క వేలెడు తప్పు చోట చూస్తే తర్వాత ఈగను అక్కడ కూర్చోబెట్టలేరు. ఆయన భయపడ్డాడు కాబట్టి మనం ఈగను నమ్మాం. కారు ప్రమాదం తర్వాత అద్దం మీద, చంపుతానని ఈగ రాసినప్పుడు సుదీప్ ముఖంలో రంగు మారడం చూడండి. అక్కడ ఆ రాత ఎంత భయపెట్టిందో ఆ ముఖమూ అంతే భయపెట్టింది. కన్నడ నటుడైన సుదీప్‌ను తెలుగువాళ్లు సొంతం చేసుకున్నది ఆ సినిమాతోనే.

2012 జూలై 6న తెలుగులో 'ఈగ'గా, తమిళంలో 'నాన్ ఈ'గా ఒకేరోజు విడుదలైంది. అక్టోబరులో హిందీలో 'మక్ఖీ' అయింది. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం మకుటకు వచ్చింది. ఆ తర్వాత తెలుగు సినిమాలో కంప్యూటర్ పని ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. 2015లో 'బాహుబలి'లో మాహిష్మతి నగరం లేచింది, భల్లాలదేవుడు అడవిదున్నతో తలపడ్డాడు. ఆ నగరం చూసి నోరెళ్లబెట్టాను, నిజమే. కానీ ఆ దున్న నాకు పాత్రగా మిగల్లేదు, బలప్రదర్శనకు పెట్టిన రాయిగానే మిగిలింది. పాత్రగా మిగిలినవి వేరే. 2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్'లో రవితేజ గొంతుతో మాట్లాడిన కోటి అనే కోతి పిల్లలకు దోస్తు అయింది. అదే ఏడాది జూన్‌లో 'కల్కి 2898 ఏడీ'లో కీర్తి సురేష్ గొంతుతో పలికిన బుజ్జి అనే బండి ఇంకో రకం. నిజం బండినే కట్టి, తెర మీద మిగతాది కంప్యూటర్‌తో నింపారు. ఈ రెండూ మాటల బలంతో నిలబడ్డవి. మాట లేకుండా నిలబడ్డది ఇప్పటికీ ఈగ ఒక్కటే. అందుకే నా లెక్కలో అదే పైన ఉంది.

ఈగ కథను పల్నాడువాళ్లం అంత తొందరగా నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉందనిపిస్తుంది. చిన్నప్రాణి పెద్దవాళ్ల తలరాత మార్చడం మా ఊళ్ల కథల్లో ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఉంది. పన్నెండో శతాబ్దంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. మలిదేవుడి వైపు మంత్రి బ్రహ్మనాయుడు, నలగామరాజు వైపు నాయకురాలు నాగమ్మ. రెండు రాజ్యాల మధ్య తగవు చివరికి కోడిపందెం దాకా వచ్చింది. బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు. అది ఓడింది. మాచర్లవాళ్లు రాజ్యం వదిలి ఏడేళ్లు అడవులు పట్టారు. దాని వెనకే కారంపూడి యుద్ధం, నాగులేటి ఒడ్డున వీరుల నెత్తురు. ఇప్పటికీ కార్తీకంలో కారంపూడిలో ఆ వీరులకు ఉత్సవం చేస్తారు, కోడిపోరును గుర్తుచేసుకుంటారు. వీరుల పేర్లతోపాటు ఒక కోడిపుంజు పేరు కూడా మా పిల్లలకు తెలుసు.

ఈ కథను 1947లో ఒకసారి, 1966లో ఇంకోసారి 'పల్నాటి యుద్ధం' పేరుతో సినిమాగా తీశారు. ఇప్పుడు మూడోసారి ఎవరైనా తీయాలంటే ఆ కోడిపందెం నిజం పుంజులతో తీయలేరు. జంతువులను పోరాటానికి ఉసిగొల్పడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. సినిమాలో జంతువులను వాడాలంటే 2001 నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి కావాలి. అందుకే ఇప్పుడు తెర మీద ఎద్దు, పాము, పుంజు కనబడగానే కింద మూలన గ్రాఫిక్స్ అని చిన్న అక్షరాలు పడుతుంటాయి. అది మంచి నిబంధన. మూగజీవి రక్తం కారకుండా కథ చెప్పగలిగే విద్య చేతికి వచ్చినప్పుడు ఆ విద్యనే వాడాలి.

అంటే రేపు చిట్టిమల్లును ఎవరో కంప్యూటర్‌లో పుట్టించాల్సిందే. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో చదువుకుంటున్న పిల్లల్లో యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్లు ఉంటారు. ఆ పని పల్నాటి బిడ్డ చేతికి రావాలని నా ఆశ. వస్తే, ఈకలు ఎన్ని, రంగులెన్ని అని లెక్క మొదలుపెట్టే ముందు ఏదైనా పెరట్లో ఒక పూట కూర్చోండి నాయనా. పుంజు దేన్నైనా చూసేటప్పుడు మెడ ఎట్లా తిప్పుతుందో, ఒక కంటితో చూసి మళ్లీ రెండో కంటితో ఎందుకు చూస్తుందో, అలిసిపోయాక రెక్క ఏ వైపు ముందు వాలుతుందో చూడండి. దానికీ కనుబొమ్మలు లేవు.